గుజ్జు సూదితో కుర్చీ దిగకుండా బతకడం ఎలా?

మోకాళ్ల నొప్పులు మొదలయ్యాయా? శుభం. జ్వరమైతే మూడు రోజుల్లో పోతుంది, మోకాలి అరుగుదల అలా మోసం చేయదు. దానికి హైలురోనిక్ యాసిడ్ ఇంజెక్షన్, అదే మనవాళ్లు గుజ్జు సూది అనేది, తోడైతే మిమ్మల్ని కుర్చీలోంచి లేపగల మొనగాడు ఇంట్లో ఉండడు. చెప్పింది చెప్పినట్టు చేయండి.

1. డాక్టరు గారి దగ్గర ముందు మీరే నోరు తెరవండి. "గుజ్జు అరిగిపోయిందండీ, సూది వేసేయండి" అనండి. ఆలస్యం చేశారో, ఆయన బరువు తగ్గమంటారు. కిలో తగ్గితే వేసే ప్రతి అడుగుకీ మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుందని లెక్క చెబుతారు. తొడ కండరాలకు వ్యాయామం రాసిస్తారు. ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి ఎక్స్‌రే కవర్లో దోపి, కవరును బీరువా మీదికి విసిరేయండి. అక్కడిదాకా ఎక్కి తీసే మోకాళ్లు మీకు లేవు కదా, పని అయిపోయింది.

2. ఆయన ఇంకా ఆపబోతారు. అమెరికా ఎముకల వైద్యుల సంఘం 2013లోనే ఈ సూదిని సిఫారసు చేయలేమంది. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రాసే నైస్ 2022లో అసలు ఇవ్వొద్దంది. అదే ఏడాది బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో 169 పరీక్షల ఫలితాలను కలిపి చూసి, ఉత్తుత్తి సూదితో పోలిస్తే నొప్పి తగ్గేది రోగికి తెలిసేటంత లేదని తేల్చారు. అన్నీ విని తల ఊపండి. ఊపి, "మా వియ్యపురాలికి బాగా పనిచేసిందండీ" అనండి. ఈ మాటకు ఇంతవరకూ ఏ డాక్టరూ జవాబు చెప్పలేదు.

3. ఒకేసారి వేసేసే రకం వద్దు. వారానికొకటి చొప్పున మూడు వేసే రకం అడగండి. సూది పడ్డాక రెండు రోజులు బరువు పనులు, ఎక్కువ నడక వద్దంటారు. ఆ "వద్దు"ను అక్కడే పట్టుకోండి, "రెండు రోజులు"ను ఆసుపత్రి మెట్ల మీద వదిలేయండి. సంక్రాంతికి సూది వేయించుకుంటే ఉగాది దాకా నీళ్ల చెంబు కూడా ముట్టుకోనక్కర్లేదు.

4. ఖాళీ సిరంజి డబ్బాను టీపాయ్ మీద, వచ్చినవాళ్లకు పేరు కనిపించేలా పెట్టండి. "ఇదేంటి వదినా?" అని అడుగుతారు. ఇలాంటి మందుల్లో కొన్నిటిని కోడిపుంజు జుట్టు నుంచి తీస్తారని చెప్పండి. నిజమే కాబట్టి ధైర్యంగా చెప్పండి. వాళ్లు నోరు తెరిచి వింటుంటే కాఫీ గ్లాసులు ఇంకెవరో తీస్తారు.

5. పడుకున్నప్పుడు మోకాలి కింద లావుపాటి దిండు పెట్టుకోండి. కాలు వంగినచోటే బిగుసుకుపోతుందని ఫిజియోథెరపిస్టు మొత్తుకుంటాడు. బిగుసుకోనివ్వండి. చాపలేని కాలిని చూశాక బజారుకు వెళ్లి కరివేపాకు తెమ్మని ఎవరూ అనరు.

6. నెయ్యి, సున్నుండలు. కీలుకు జిగురు కావాలి, ఈ రెండింటిలోనూ జిగురుంది.

7. అలిపిరి నుంచి నడిచి కొండెక్కుతానని మొక్కుకున్నారా? కంగారు లేదు. మొక్కు మీది, కాళ్లు మీ అబ్బాయివి. ఆ 3,550 మెట్లూ వాడు ఎక్కుతాడు, మీరు బస్సులో వెళ్లి పైన ఎదురుచూడండి. వాడు చెమటలు కక్కుతూ వస్తే "నా మోకాళ్లు బాగుంటేనా!" అని కళ్లు ఒత్తుకోండి. ఈ మాట లోపలినుంచి రావాలి, ఇంటిదగ్గరే రెండుసార్లు అనుకుని వెళ్లండి.

8. కొన్ని నెలలకు నొప్పి మళ్లీ వస్తుంది. నడవలేదని, బరువు పెరిగారని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. మందు నాసిరకం అనండి. ఇంకో కోర్సు రాయించుకుని మూడో చిట్కా నుంచి మళ్లీ మొదలుపెట్టండి.

ఇలా రెండు మూడేళ్లు నిష్ఠగా చేస్తే తొడలు సన్నబడతాయి, పొట్ట పెరుగుతుంది, గుమ్మం దాటడానికి ఇద్దరు పట్టుకోవాలి. అంటే గెలిచారన్నమాట. అప్పుడు పిల్లలు మోకాలి మార్పిడి ఆపరేషన్ అంటారు. 2017లో కేంద్రం కృత్రిమ మోకాలి ధరలకు పరిమితి పెట్టిందని ఆశ కూడా చూపిస్తారు. దయచేసి ఒప్పుకోకండి. ఆపరేషన్ అయిన మర్నాటికల్లా లేపి నడిపిస్తారు.