కుక్కను ఊరి మీదికి వదలడం ఎలా?

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పట్టణాల్లో కొత్తగా కుక్కను తెచ్చుకున్న పెద్దమనుషుల కోసం ఈ నాలుగు సలహాలు. హైదరాబాద్‌లో గొలుసు విప్పి కుక్కల్ని ఆడించుకోవడానికి జీహెచ్‌ఎంసీ 2018లో కొండాపూర్‌లో ప్రత్యేకంగా పార్కు తెరిచింది. సుమారు 1.3 ఎకరాల స్థలం, చుట్టూ కంచె, కోటి రూపాయలకు పైగా ఖర్చు. అంత ఆర్భాటం మనకెందుకు? జనగామ వాళ్లకు బతుకమ్మకుంట ఉంది, ధర్మకంచ మినీ స్టేడియం ఉంది. మహబూబాబాద్‌కు ఎన్టీఆర్ స్టేడియం, భూపాలపల్లికి అంబేద్కర్ స్టేడియం ఉన్నాయి. అవి మనుషుల కోసం కట్టినవే కావచ్చు, కానీ అక్కడ కుక్కలు రాకూడదని ఎవరన్నారు? ఊరంతా మన కుక్కకు పార్కే అనుకుంటే కంచె ఖర్చు కూడా మిగులుతుంది. ఈ పద్ధతికి పునాది ఒకే సూత్రం: గేటు లోపల ఉన్నంతసేపు కుక్క మనది, గేటు దాటగానే మున్సిపాలిటీది.

పొద్దున్నే గేటు తీసి వదిలేయడం సులువు. ఇంకాస్త గౌరవంగా ఉండాలనుకుంటే వెంట నడవండి, గొలుసు మాత్రం కుక్క మెడకు కాకుండా మీ చేతికి చుట్టుకోండి. కుక్క ఇరవై గజాలు ముందుండాలి, మీరు ఫోన్లో ఉండాలి. ఎదురుగా వచ్చిన ముసలాయన చేతికర్రను వెనక్కి దాచుకుని, ఊపిరి బిగబట్టి, మోకాలి దగ్గర వాసన చూస్తున్న రాట్‌వీలర్‌ను చూస్తూ కొయ్యబారి నిలబడితే దూరం నుంచే అభయమివ్వండి: "ఏమనదన్నా, నువ్వు భయపడకు." ట్యూషన్‌కు పోయే పిల్ల సైకిల్ వేగం పెంచితే తప్పు పిల్లదే: "ఉరకకు, ఉరికితేనే ఎంబడి పడ్తది!" ఈ రెండు మాటలు కంఠస్థమైతే శిక్షణ పూర్తయినట్టే, అంటే మీ శిక్షణ. కుక్కకు ఏ శిక్షణా అక్కర్లేదు. ఎలా నిలబడాలో, ఎలా నడవాలో, ఎప్పుడు భయపడకూడదో ఊళ్లోవాళ్లే నేర్చుకుంటారు. అది పక్కింటి వాకిలి ముందు కూర్చుంటే మీరు ఆకాశం వైపు చూడండి. కల్లాపి చల్లి ముగ్గేసేవాళ్లు ఎలాగూ ఉన్నారు.

టీకా సంగతికొస్తే, జులై 6 దగ్గరపడుతున్నప్పుడు జాగ్రత్తగా ఉండండి. 1885లో అదే రోజు లూయీ పాశ్చర్ మొదటిసారి ఒక బాలుడికి రేబిస్ టీకా వేశాడు. దాని గుర్తుగా ఏటా ఆ రోజు పశువుల దవాఖానల్లో పెంపుడు కుక్కలకు ఉచితంగా టీకా వేస్తారు. ఉచితమైనదానికి విలువ ఉండదు కాబట్టి అటు పోకండి. మనుషులకు వచ్చే రేబిస్‌లో 99 శాతం దాకా కుక్కల వల్లే వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. లక్షణాలు బయటపడ్డాక బతికినవాళ్లు దాదాపు లేరు. కరిచిన వెంటనే గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీళ్లతో పదిహేను నిమిషాలు కడగాలి. తర్వాత మొదటి రోజు, మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు సూదులు. ఇవన్నీ కరిపించుకున్నవాడి పనులు. తండా నుంచి కూలికి వచ్చిన మనిషి నాలుగుసార్లు కూలి పోగొట్టుకుని దవాఖానకు తిరగడం కన్నా, మనం ఏడాదికోసారి కుక్కను బండి మీద కూర్చోబెట్టుకుని పోవడమే పెద్ద కష్టం మరి!

ఇక చిత్తకార్తె. మన ఆడకుక్కకు ఆపరేషన్ చేయిస్తే పాపం తగులుతుందని ఇంట్లో పెద్దవాళ్లు అంటారు, మాట వినండి. అక్టోబరులో వదిలేస్తే, కుక్క చూలు సుమారు 63 రోజులు గనుక, సంక్రాంతి నాటికి కళ్లు తెరిచిన పిల్లలు గూట్లో కుయ్యోమంటుంటాయి. మగవాటిని అడిగినవాళ్లకు ఇచ్చి, మిగిలిన ఆడపిల్లల్ని అట్టపెట్టెలో పెట్టి చికెన్ సెంటర్ వెనక దించి రండి. తిండి దొరుకుతుందనే దయతోనే కదా! మరుసటి ఏడాది అవే ఈనుతాయి. అప్పుడు మీరు వార్డు కౌన్సిలర్ దగ్గరికి పోయి, కాలనీలో కుక్కలు పెరిగిపోయాయని, మున్సిపాలిటీ నిద్రపోతోందని గట్టిగా నిలదీయవచ్చు.

"అసలు సమస్య వీధి కుక్కలైతే పెంచుకునేవాళ్ల మీద పడతారేం?" అని అడిగేవాళ్లుంటారు. ప్రశ్న న్యాయమైనదే. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో, అదే ఏడాది మేలో మన పక్కనే కాజీపేటలో పసివాళ్ల ప్రాణాలు తీసినవి వీధి కుక్కలే. దాని మీద వెటకారం చేయడానికేమీ లేదు. సుప్రీంకోర్టు కూడా 2025 ఆగస్టు 22న వీధి కుక్కలకు ఆపరేషన్, టీకా చేసి పట్టినచోటే వదలాలని, రేబిస్ ఉన్నవాటిని, మీదపడే స్వభావమున్నవాటిని వదలకూడదని చెప్పింది. నవంబరు 7న బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల నుంచి వాటిని తరలించమంది. కానీ మున్సిపాలిటీ ఒక వైపు ఆపరేషన్లు చేస్తుంటే మరో వైపు అట్టపెట్టెలు దిగుతుంటే ఆ లెక్క ఎప్పటికి తెగుతుంది? 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనలు పెంపుడు జంతువు టీకా, నులిపురుగుల మందు, ఆపరేషన్ బాధ్యతలను యజమాని మీదే పెట్టాయి. ఆ వాక్యం చదివినవాళ్లు తక్కువ. మన తప్పుకు శిక్ష ఎవరికి పడుతుందో కూడా చూడండి. 2024 ఫిబ్రవరిలో మహబూబ్‌నగర్ జిల్లా పొన్నకల్‌లో ఇరవై దాకా వీధి కుక్కల్ని తుపాకీతో కాల్చి చంపారు. తమ పెంపుడు కుక్క మీద వీధి కుక్కలు పడ్డాయన్న కక్షే కారణమని నిందితులను పట్టుకున్నాక పోలీసులు చెప్పారు.

"కుక్కను కట్టేస్తే హింస కదా, మన తాతలు వదిలి పెంచలేదా?" అనేది రెండో మాట. మొదటి సగం నిజమే. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం కుక్కను ఎప్పుడూ కట్టేసి ఉంచి తిప్పకపోవడాన్ని నేరమంటుంది, దిక్కులేకుండా వదిలేయడాన్నీ నేరమంటుంది. తిప్పడం వేరు, వదిలేయడం వేరు. ఇక తాతల కాలం అంటారా, జనగామ చుట్టుపక్కల గొర్రెల మంద వెంట పోయే కురుమల కుక్కను చూడండి. మెడకు గొలుసుండదు, కానీ దానికి ఒక పని ఉంటుంది, కేకేస్తే ఆగేంత దూరంలో దాని మనిషి ఉంటాడు. మన లాబ్రడార్‌కు ఆ రెండూ లేవు. పైగా ఇంటి ముందు ఎడ్లబండ్లు పోయే రోజులు కావివి. జనగామ పక్కనుంచి పోయేది 163 నంబరు జాతీయ రహదారి. కుక్క అడ్డమొచ్చి బండి మీంచి పడ్డవాడికి దాని జాతి ఏదైతే ఏం?

చట్టమంటే భయమున్నవాళ్లకు ఊరటనిచ్చే సంగతి ఒకటుంది. 1960 చట్టం కింద మొదటిసారి దొరికితే జరిమానా 10 నుంచి 50 రూపాయలు, టిఫిన్ ఖర్చంత. అయితే ఆ ధైర్యంతో భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ మరిచిపోకండి. తన దగ్గరున్న జంతువు వల్ల మనుషుల ప్రాణానికి ప్రమాదం గానీ తీవ్ర గాయం గానీ కలగకుండా జాగ్రత్తపడని మనిషికి అందులో ఆరు నెలల దాకా జైలు, ఐదు వేల దాకా జరిమానా ఉన్నాయి. "ఏమనదన్నా" అన్న మాట కోర్టులో సాక్ష్యానికి పనికిరాదు.

ఇన్ని సలహాలు పాటించడం కష్టమనుకునేవాళ్లకు అగ్గువ దారి ఇంకోటుంది: బలమైన గొలుసు, ఏటా నింపిన టీకా కార్డు, జేబులో పాత న్యూస్‌పేపరు. గొలుసు విప్పి ఆడించాలనుంటే నలుగురూ కలిసి మున్సిపల్ కమిషనర్‌కు అర్జీ పెట్టి, ఏదో ఒక మైదానంలో ఒక మూలకు కంచె వేయమని అడగండి. ఇవేవీ మా వల్ల కావంటే కుక్కను పెంచకండి.