నాలుగొందల గుర్రాలూ మా మేనల్లుడూ

మా మేనల్లుడికి మస్టాంగ్ కావాలట. ఏదో ఒక కారు కాదు, మస్టాంగే. ఎర్రది, రెండు తలుపులది, ఐదు లీటర్ల వి8 ఇంజినుది. వాడికి పదిహేడు నడుస్తోంది. ఇంట్లో పదిహేడేళ్లవాడున్నవాళ్లకి మిగతాది నేను చెప్పక్కర్లేదు. అన్నం మానెయ్యడం, తలుపులు ధడాలున వెయ్యడం, అర్ధరాత్రి ఫోన్లో ఇంజిను చప్పుళ్లు వినడం, అమ్మచేత రాయబారాలు నడపడం.

రాయబారమంతా నా నెత్తినే. "ఒరేయ్ తమ్ముడూ, నువ్వు చెబితే మీ బావ వింటార్రా" అంటుంది అక్క. బావ నా మాట విన్న దాఖలా పెళ్లినాటి నుంచీ లేదు. అయినా రాత్రి భోజనాలయ్యాక మా పై అంతస్తులో, అంటే అక్కావాళ్లింట్లో, సభ కూడాల్సిందే. అంశం ఒక్కటే: కుర్రాడి మొదటి కారుగా స్పోర్ట్స్ కారు తగునా, తగదా? తగదని నేను మొదటి రాత్రే చెప్పేశాను. అధ్యక్షుడు తీర్పిచ్చాక కూడా ముగియని సభ మన తెలుగువాళ్లలోనే ఉంటుంది.

మేముండేది కలకత్తాలో ఏక్‌బాల్‌పూర్. అటు ఖిదిర్‌పూర్ డాకులు, ఇటు అలీపూర్ బంగళాలు, మధ్యలో ఇరుక్కుని మేము. మా తాత శ్రీకాకుళం నుంచి డాకులో పనికొచ్చి ఇక్కడే ఉండిపోయాడు. బావది మెటియాబ్రుజ్‌లో రెడీమేడ్ బట్టల వ్యాపారం. పిల్లల ఫ్రాకులు కుట్టించి ఊళ్లకి పంపుతాడు. డబ్బుంది, కొనగలడు. వచ్చిన చిక్కంతా అదే. కొనలేనివాడైతే ఒక్క కసురుతో తేలిపోయేది.

మస్టాంగ్ మన దేశంలోకి 2016లో వచ్చింది. ఐదేళ్లు తిరిగేసరికి ఫోర్డ్ కంపెనీవాళ్లు ఇక్కడ కార్లు తయారు చెయ్యడమే మానుకుంటున్నామన్నారు. ఇక దొరికితే సెకండ్ హ్యాండుదే దొరకాలి. మరి పార్టులో? "మల్లిక్ బజార్ ఉంది కదా మావయ్యా" అంటాడు వాడు. మల్లిక్ బజార్‌లో దొరకని పార్టు లేదని కలకత్తావాళ్లకి గట్టి నమ్మకం. అంబాసిడర్ విషయంలో అది నిజమే కావచ్చు. ఉత్తర్‌పాడా ఫ్యాక్టరీలో ఆ బండి తయారీ ఆగిపోయింది 2014లో. ఊళ్లో పసుపు టాక్సీలు ఆ తర్వాత కూడా ఏళ్లతరబడి తిరిగాయి. మస్టాంగ్ గేర్‌బాక్సు అడిగితే మాత్రం అక్కడి మేస్త్రీ టీ తెప్పించి, కూర్చోబెట్టి, మావాడి ఆరోగ్యం ఎలా ఉందని అడుగుతాడు.

దాని ఇంజిను బలం దాదాపు నాలుగొందల హార్స్‌పవర్. నా పాత ఆల్టోది యాభై కూడా లేదు, అయినా దాన్ని పట్టుకోవడానికి నాకు రెండు చేతులూ, రెండు కాళ్లూ, అప్పుడప్పుడు అమ్మవారూ కావాలి. విక్టోరియా మెమోరియల్ ముందు బగ్గీకి కట్టిన రెండే రెండు గుర్రాలు మొండికేస్తే, పుట్టినప్పటి నుంచీ వాటితోనే పెరిగినవాడు దిగొచ్చి, బతిమాలి, తిట్టి, మళ్లీ బతిమాలి కదిలిస్తాడు. మావాడు నాలుగొందలు అడుగుతున్నాడు. సొంత పరుపు మీది దుప్పటి ఇంతవరకు వాడు మడత పెట్టి ఎరగడు.

పోనీ కొన్నాడే అనుకుందాం. నడిపేదెక్కడ? ప్రపంచంలో ఏ ఊళ్లో ట్రాఫిక్ ఎంత మెల్లగా కదులుతుందో టామ్‌టామ్ అనే కంపెనీవాళ్లు ఏటా లెక్క తీస్తారు. 2024 లెక్కలో కలకత్తాలో పది కిలోమీటర్లకి సగటున 34 నిమిషాల 33 సెకన్లు పట్టింది. ఆ ఏడాది మెల్లదనంలో ప్రపంచానికే రెండో స్థానం మనది, దేశంలో మొదటిది. బెంగళూరువాళ్లని కూడా వెనక్కి, కాదు, ముందుకి నెట్టేశాం. అంటే గంటకి పదిహేడు కిలోమీటర్ల చిల్లర. ఆ వేగానికి ఐదు లీటర్ల ఇంజిను కావాలా? మా వీధిలో గుడ్లబండి లాగే చాచా అంతకన్నా జోరుగా పోతాడు, అదీ గుడ్లు పగలకుండా.

మా మెయిన్ రోడ్డు, డైమండ్ హార్బర్ రోడ్డు, సంగతి అది. అక్కణ్ణుంచి మా సందులోకి తిరిగితే స్పీడ్ బ్రేకర్లు.

ఈ స్పీడ్ బ్రేకర్ల చరిత్ర ఎవరూ రాయలేదు కాబట్టి నేను చెప్పాల్సి వస్తోంది. రోడ్లకి కొలతలు చెప్పడానికి మన దేశంలో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ అనే సంస్థ 1934 నుంచీ ఉంది. వాళ్ల లెక్కలో స్పీడ్ బ్రేకర్ పది సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి. గంటకి పాతిక కిలోమీటర్ల వేగంతో వస్తే లోపలివాళ్ల వెన్నుపూసలు ఎక్కడివక్కడ ఉండాలి. మా సందులో కొలత వేరే. వేయించినవాడి కోపం ఎంతో ఎత్తు అంత.

మొదటిది మేక వల్ల పుట్టింది. బక్రీదు ముందు ఒకాయన మంచి ధర పెట్టి తెచ్చి గుమ్మం ముందు కట్టుకున్న మేకని స్కూటరువాడెవడో గుద్దాడు. మేకకేం కాలేదు, స్కూటరువాడికే దెబ్బ తగిలింది. అయినా ఆయన సాయంత్రానికల్లా సిమెంటు తెప్పించాడు. ఎదురింటాయన ఊరుకుంటాడా? మేక లేకపోయినా తన గుమ్మానికి మాత్రం విలువ లేదా అని ఇంకోటి వేయించాడు. మూడోది ఒక పెళ్లికి వెలిసింది, ఊరేగింపు తమ ఇంటి ముందు కాస్త నిదానంగా సాగాలని. నాలుగోది మూడోదాంట్లో మిగిలిన సిమెంటు. ఐదోది ఎవరు వేశారో తెలీదు, పొద్దున్న లేచేసరికి ఉంది. ఆ తర్వాత ఒకసారి రోడ్డు మీద కొత్తగా తారు పోసి అన్నిటినీ చదును చేసేశారు. వీధంతా ఒక్క పూట దిగులుపడి, మర్నాడు పాత వాటి గుర్తుల మీదే, ఈసారి ముందుచూపుతో జానెడు ఎత్తున కట్టుకుంది. ఇప్పుడు మా సందులో రిక్షా ఎక్కితే కాసేపు ఆకాశం, కాసేపు మురుక్కాలవ కనిపిస్తాయి.

ఇలాంటి సందులోకి ఈమధ్య ఒక సాయంత్రం, మెయిన్ రోడ్డు మీద జామ్ తప్పించుకుందామని కాబోలు, నేలని నాకుతున్న కారొకటి వచ్చింది. పసుపుపచ్చది. లోపల ముగ్గురు కుర్రాళ్లు. మొదటి స్పీడ్ బ్రేకర్ ముందు ఆగింది. బరువు తగ్గడానికి ఇద్దరు దిగారు. ఒకడు తెల్ల చొక్కాతోనే రోడ్డు మీద బోర్లా పడుకుని, కారు కిందకి తొంగి చూస్తూ "ఆస్తే... ఆస్తే... బస్, బస్, బస్!" అని అరుస్తున్నాడు. కారుని ఏటవాలుగా తిప్పి, కొత్త పెళ్లికూతుర్ని గుమ్మం దాటించినట్టు ఒక్కో చక్రం దాటించారు. ఈలోగా వీధి వీధంతా చేరింది. పుచ్‌కా, అదే పానీపూరీ, అమ్మేవాడు రివర్సులో ఎక్కించమన్నాడు. ఇల్లు కట్టిస్తున్నాయన రెండు చెక్కలు అప్పిచ్చాడు, ఒక కన్ను వాటి మీదే ఉంచి. గుడ్ల చాచా గంట కొట్టుకుంటూ పక్కనుంచి దాటిపోయాడు. మూడోదాని దగ్గరికొచ్చేసరికి పక్క మసీదులో నమాజు మొదలై, అయిపోయింది కూడా. మేకది, ఎదురింటిది, పెళ్లిది దాటి, ఆ మిగిలిన సిమెంటు దగ్గర గర్‌ర్‌ర్ మంది. ఆ చప్పుడుకి స్టీరింగ్ దగ్గరున్న కుర్రాడి మొహం చూడాలి. మేక యజమాని దగ్గరికెళ్లి ఉర్దూలో పరామర్శించాడు: "బాబూ, ఇంత డబ్బు పోసి కొన్నారు కదా, కాస్త ఎత్తుగా ఉన్నది దొరకలేదా?"

ఇదంతా మావాడికి చెప్పాను. "స్పీడ్ బ్రేకర్లు తవ్వించేద్దాం" అన్నాడు. బావ కొట్టిపారెయ్యలేదు. గునపాలకి ఎంతవుతుందని అడిగాడు!

వాడి పక్షాన అసలైన వాదన ఒకటుంది, కాదనను. "దానికి ఎన్ని ఎయిర్‌బ్యాగులో తెలుసా మావయ్యా? నీ ఆల్టోకి ఒక్కటైనా ఉందా?" లేదు. కానీ ఎయిర్‌బ్యాగులన్నీ లోపల కూర్చున్నవాడికే కదరా, మోమిన్‌పూర్ కూడలి దాటే ముసలమ్మకి ఎవరు కడతారు? 2019 ఆగస్టులో షేక్స్‌పియర్ సరణి, లౌడన్ స్ట్రీట్ కలిసేచోట అర్ధరాత్రి ఒక జాగ్వార్ వేగంగా వచ్చి ఇంకో కారుని గుద్దింది. చచ్చిపోయింది కార్లలోవాళ్లు కాదు. వాన పడుతోందని పోలీసు కియోస్కు పక్కన నిలబడ్డ ఇద్దరు బంగ్లాదేశీయులు. అంతకు మూడేళ్ల ముందు, 2016 జనవరి 13న, రెడ్ రోడ్డు మీద రిపబ్లిక్ డే కవాతు రిహార్సల్లోకి ఒక ఆడి దూసుకొచ్చింది. అక్కడ పోయింది వైమానిక దళంలో కార్పొరల్. ఈ రెండూ మా ఊళ్లోవే. ఆ బండ్లు నడిపినవాళ్లు పదిహేడేళ్ల పిల్లలు కూడా కాదు.

పదిహేడేళ్లవాడి కథ పుణెలో జరిగింది. 2024 మే 19 తెల్లవారుజామున పోర్షే టైకాన్. అది గుద్ది బైకు మీద వెళుతున్న ఇద్దరు ఇంజినీర్లు చనిపోయారు, ఒక్కొక్కరికి ఇరవై నాలుగేళ్లు. కోటిన్నర దాటిన ఆ బండికి శాశ్వత రిజిస్ట్రేషనే లేదు. కట్టాల్సిన ఫీజు 1,758 రూపాయలు కట్టలేదు. జువెనైల్ బోర్డు ఆ కుర్రాణ్ణి రోడ్డు ప్రమాదాల మీద మూడొందల మాటల వ్యాసం రాయమని చెప్పి ఇంటికి పంపింది. దేశమంతా గగ్గోలు పెట్టాకే ఆ ఉత్తర్వు మార్చి అబ్జర్వేషన్ హోముకి పంపారు. ఏ నేరమూ చెయ్యని నా చేత ఎడిటరుగారు దానికి నాలుగైదు రెట్లు రాయిస్తున్నారు.

చట్టం లేక కాదు. కారు నడపడానికి పద్దెనిమిదేళ్లు నిండాలి. పదహారేళ్లకి దొరికేది యాభై సీసీ లోపు గేర్లు లేని బండి లైసెన్సు మాత్రమే. 2019లో మోటారు వాహనాల చట్టం సవరించి 199ఎ అనే సెక్షను చేర్చారు. లైసెన్సు లేని మైనరు బండితో నేరం చేస్తే తండ్రికో, బండి యజమానికో మూడేళ్ల దాకా జైలు, 25,000 జరిమానా. బండి రిజిస్ట్రేషన్ ఏడాదిపాటు రద్దు. పిల్లవాడికి పాతికేళ్లు వచ్చేదాకా లైసెన్సు లేదు. బావకి ఇది చదివి వినిపించాను. జైలు దగ్గర చలించలేదు. లైసెన్సు పాతికేళ్లకి అనేసరికి మేనల్లుడు మొదటిసారి ఫోనులోంచి తలెత్తాడు.

అమెరికాలో ఉన్న మా పిన్ని కొడుకుదీ ఇదే గోల. అక్కడ పదహారుకే లైసెన్సు, డాలస్ పక్కన ఫ్రిస్కోలో వాళ్లబ్బాయికీ స్పోర్ట్స్ కారే కావాలిట. తేడా ఏమిటంటే అక్కడ కాదనే బాధ్యత తండ్రి మీద పడదు. స్పోర్ట్స్ కారు పాలసీలో పదహారేళ్లవాడి పేరు చేర్చమంటే ఇన్సూరెన్సువాళ్లు చెప్పే ప్రీమియం విని తండ్రి నోట మాట రాదు, కొడుక్కి విషయం అర్థమైపోతుంది. ఇన్సూరెన్సు కంపెనీల డబ్బుతోనే నడిచే ఐఐహెచ్ఎస్ అనే సంస్థ కుర్రాళ్లకి తగిన వాడిన కార్ల జాబితా వేస్తుంది. ఇంజిను బలం మరీ ఎక్కువున్న బండ్లకి అందులో చోటు లేదు. మరీ చిన్న బండ్లకీ లేదు, కాబట్టి నా ఆల్టో కూడా అక్కడ ఫెయిలే.

ఇక్కడో? 2022లో మన ప్రభుత్వం ఖరారు చేసిన థర్డ్ పార్టీ ప్రీమియం చూడండి. 1500 సీసీ దాటిన సొంత కారు ఏదైనా ఏడాదికి 7,897 రూపాయలు. ఇంటిల్లిపాదీ తిరుపతి వెళ్లే రెండు లీటర్ల డీజిలు బండికీ అంతే, ఐదు లీటర్ల వి8కీ అంతే. స్టీరింగ్ వెనక అరవై ఏళ్ల హెడ్మాస్టరున్నాడా, నిన్న కాక మొన్న పద్దెనిమిది నిండినవాడున్నాడా అని ఆ లెక్క అడగదు. ఎదుటివాడి ప్రాణానికి కట్టే బీమా అది! నడిపేవాడి వయసు ఎవరికీ పట్టకపోతే ఎలా అని నేను రాత్రి భోజనాల దగ్గర అరిచాను. అక్క పెరుగు వేసింది.

నాకు తెలిసి మస్టాంగ్ కోరిక వాడిది కాదు, బావది. డాకు పక్క ఒంటిగది ఇంట్లో పెరిగి, అలీపూర్ గేట్లలోంచి కార్లు బయటికొస్తుంటే రోడ్డు పక్కన నిలబడి చూసినవాడు. తను ఎక్కలేనిది కొడుకు ఎక్కితే చూడాలని ఉంది. అది తప్పని నేనెలా అనను?

కానీ భయం కూడా ఉంది. 2011 సెప్టెంబరులో హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద క్రికెటర్ అజారుద్దీన్ కొడుకు అయాజుద్దీన్ నడుపుతున్న వెయ్యి సీసీ సుజుకీ పడిపోయింది. అతనికి పంతొమ్మిది. బండి మీద ఉన్న బంధువుల అబ్బాయికి పదహారు. ఇద్దరూ దక్కలేదు. ఆ డిసెంబరులోనే, ఆ రింగ్ రోడ్డు మీదే, కారు ప్రమాదంలో కోమటిరెడ్డి వెంకటరెడ్డిగారి అబ్బాయి ప్రతీక్ పోయాడు. పంతొమ్మిదే. 2017 మేలో జూబ్లీహిల్స్‌లో మెట్రో పిల్లరుకి కారు గుద్దుకుని మంత్రి నారాయణగారి అబ్బాయి నిషిత్, అతని స్నేహితుడు పోయారు. వీళ్ల గురించి హాస్యమాడే నోరు నాకు లేదు. కలిగిన ఇళ్లు, చెబితే పనులు జరిగే తండ్రులు. మా నాన్న దగ్గర డబ్బు లేదు కాబట్టి నన్ను కాదనాల్సిన కష్టం ఆయనకి ఎప్పుడూ రాలేదు. బావకి ఆ సుఖం లేదు. ఎదురుగా కూర్చుని, కొనగలిగి కూడా, ముద్దుల కొడుకు మొహం చూస్తూ కాదనాలి. అది నా వల్ల అవుతుందా అంటే, నాకు పిల్లలు లేరు కాబట్టి చెప్పలేను.

కాబట్టి సభాధ్యక్షుడిగా నా తీర్పు. వాడికి పద్దెనిమిది నిండనివ్వండి. లెర్నర్స్ లైసెన్సు తీసుకోమనండి. నా ఆల్టో కంటే కాస్త పెద్దదీ, ఎయిర్‌బ్యాగులున్నదీ, బలం తక్కువదీ ఒక పాత బండి కొనిపెట్టండి. మొదట్లో పక్క సీట్లో బావే కూర్చోవాలి. మస్టాంగ్ మీద అంత మనసుంటే ఆయనే కొనుక్కుని ఆయనే నడుపుకోవాలి. యాభై దాటినవాడు, షుగరుంది, జోరుగా వెళ్లడు. స్పీడ్ బ్రేకర్ల దగ్గర బోర్లా పడుకోవడానికి నేను రెడీ.

ఇంట్లో పదిహేడేళ్లవాడున్న తండ్రులెవరైనా ఇక్కడిదాకా చదివి ఉంటే ఒక్క మనవి. బండి తాళం ఎక్కడ తగిలించారో ఇప్పుడే లేచి చూసుకోండి.