ఆటోమేటిక్ మామ

బనగానపల్లె బస్టాండు దగ్గర మా మామకు ఓ అంగడి ఉంది. ఫ్లెక్సీలు, పెళ్లిపత్రికలు, స్టిక్కర్ కటింగ్, తలుపుల డిజైన్లు అన్నీ చేస్తాడు. ఏది చెడినా తప్పు ఫైలుది. మామది ఎన్నడూ కాదు.

ఇంజనీరు ఆటోక్యాడ్‌లో గీసిన ప్లాను పెన్‌డ్రైవ్‌లో వస్తుంది. దాన్ని కోరల్‌డ్రాలోకి తెచ్చి రంగులు పూయాల. "ఇంపోర్ట్ కొడితే అయిపాయె, రెండు నిమిషాలు కూసో" అంటాడు మామ. ఆ రెండు నిమిషాల్లో నంద్యాల పోయి రావచ్చు.

అసలు ఆ ఫైలే తెరుచుకోదు. ఇంజనీరుది కొత్త ఆటోక్యాడ్, మామది తాతలనాటి కోరల్. "ఆర్12 డీఎక్స్ఎఫ్‌లో పంపమను!" అని ఫోన్లో అరుస్తాడు. ఆటోక్యాడ్ ఆర్12 వచ్చింది 1992లో. ఇక్కడి నవాబుల పాలన 1948లోనే పోయింది గానీ, మామ అంగట్లో 1992 ఇంకా ఏలుతూనే ఉంది.

అసలు తిరకాసు ఇక్కడే. గీతలు అంగుళాల్లో ఉన్నాయా, మిల్లీమీటర్లలోనా అన్న సంగతి ఆర్12 ఫైలు మోసుకురాదు. అందుకే కోరల్ మర్యాదగా అడుగుతుంది: ఇంగ్లీషా, మెట్రిక్కా, ఆటోమేటిక్కా? మామ చదవనైనా చదవడు, ఆటోమేటిక్ నొక్కుతాడు. ఓసారి మూడున్నర అడుగుల వాకిలి నాలుగు సెంటీమీటర్లయి దిగింది. అంగుళాన్ని మిల్లీమీటరనుకుంటే 25.4 రెట్లు కుంగుతుంది మరి.

"మామా, వాకిలి చూడు."

"ఇంజనీరు చిన్నగా గీసినాడు అల్లుడా."

యాగంటి బసవన్న పెరుగుతున్నాడంటే చేతులెత్తి మొక్కే మనిషి, తన కంప్యూటర్లో ఇల్లు కుంగిందంటే మాత్రం ఒప్పుకోడు!

ఇంక అక్షరాలు. ఇంజనీరు వాడిన తెలుగు ఫాంటు మామ దగ్గర ఉండదు. 'పూజగది' ఉన్నచోట ఇంగ్లీషు అక్షరాలు, కామాలు, డాలరు గుర్తులు కలగలిసి దిగుతాయి. మామ వాటిని తుడిచేసి తనకు తోచింది టైపు చేస్తాడు. పడమటింటి ఓనరు ఒకాయన తన ప్లానులో పూజగదికి, బాత్రూముకి పేర్లు తారుమారై ఉండటం చూసి కూలబడినాడు. "వాస్తు ప్రకారం మార్చినానన్నా" అన్నాడు మామ, కన్ను గూడా ఆర్పకుండా.

అయితే టేకు తలుపు మీద మామిడిపిందెల డిజైను వచ్చిందంటే మామ వేరే మనిషి. ఆటోక్యాడ్ నుంచి వచ్చిన వంపు చాలాసార్లు ఒకే గీతగా రాదు, చిన్నచిన్న ముక్కలుగా విరిగి వస్తుంది. కంటికి కలిసినట్టే ఉంటాయి గానీ మధ్యలో వెంట్రుకంత సందు. సందుంటే రంగు నిండదు, సీఎన్‌సీ మిషను వంపు మధ్యలో ఆగి ఆగి కోస్తుంది. మామ షట్టరు సగం దించి, తెర మీది బొమ్మను పెద్దది చేసుకుని, కొస కొసా పట్టి ఒక్కొక్క ముక్కనే అతికిస్తాడు. అర్ధరాత్రి దాటినా కదలడు. అప్పుడు టీ తెచ్చివ్వాలనిపిస్తుంది నాకు. తెచ్చిస్తే, "చక్కెర తక్కువైంది, టీ అంగడోనిది తప్పు" అంటాడు.

పొద్దున తలుపు ఓనరు వచ్చి ఎంతని అడుగుతాడు.

"కోసినదానికే ఇయ్యి బ్బా. ఇంపోర్ట్‌కు దుడ్లేంది, అది ఆటోమేటిక్!"

వెనక క్యారియరు పట్టుకుని నిలబడిన మా అత్త వింటూనే ఉంటుంది. "కరెంటు బిల్లు గూడా ఆటోమేటిక్‌గా కట్టుకుంటాదేమో అడుగు అల్లుడా," అని క్యారియరు టేబుల్ మీద ఠంగున పెట్టి పోతుంది.