మెట్రిక్ పద్యం: టీకా తాత్పర్య సహితం

ఆ. వేయి గ్రాములైన వెలయు కిలో యొండు
మీటరనగ నూరు మెరయు సెంటి
నీరు లీటరైన నిలుచు కిలో తూగి
పదులె మెట్టు లిందు బరువు లేదు

ప్రతిపదార్థం: వేయి గ్రాములైన = వెయ్యి గ్రాములు కూడితే; కిలో యొండు = ఒక కిలోగ్రాము; వెలయు = ఏర్పడుతుంది; మీటరనగ = మీటరంటే; నూరు సెంటి = వంద సెంటీమీటర్లు; మెరయు = ప్రకాశిస్తాయి (యతి కోసం); నీరు లీటరైన = లీటరు నీళ్లయితే; కిలో తూగి నిలుచు = కిలో తూగుతాయి; ఇందు = ఈ పద్ధతిలో; పదులె మెట్టులు = పదింతలే మెట్లు; బరువు లేదు = లెక్క భారం లేదు.

తాత్పర్యం: ఈ కొలతల్లో ఒక మెట్టు ఎక్కాలన్నా దిగాలన్నా పదితో హెచ్చవేయడమో భాగించడమో చాలు. సున్నా చేర్చడం, చుక్క జరపడం వచ్చినవాడికి వేరే ఎక్కం అక్కర్లేదు.

విశేషాలు: ‘సెంటి’ అన్నది సెంటీమీటరే, గణం కుదరక కవి తోక కోశాడు. 48.4 చదరపు గజాల పొలం సెంటుతో దీనికి చుట్టరికం లేదు. మీటరు పుట్టింది ఫ్రాన్సులో, విప్లవ కాలంలో. ఉత్తర ధ్రువం నుంచి పారిస్ మీదుగా భూమధ్యరేఖకు గీసిన గీతలో కోటో వంతును మీటరన్నారు. ఏ రాజు మూరా కాదు గనక ఏ రాజ్యమూ అలగదని వారి ఆశ. 1983 నుంచి దానికి కాంతి వేగమే ఆధారం.

శంక: సేరూ వీశా ఉండగా కిలో దేనికి? సమాధానం: ఏ సేరు? మద్రాసు తూకంలో సేరు 24 తులాలు, రైల్వే తూకంలో 80. కొనేవాడి సేరూ అమ్మేవాడి సేరూ ఒకటి కానప్పుడు నష్టం ఎవరిదో చెప్పడానికి వ్యాఖ్యాత అక్కర్లేదు. అందుకే 1956లో తూనికలు కొలతల చట్టం వచ్చింది.

శంక: సగానికి సగం లెక్క పోయిందే? సమాధానం: ఇది గట్టి శంక. అర్ధరూపాయి, పావలా, బేడ, అణా అంటూ సగంలో సగం తీసుకుంటూ పోవడం చదువు రానివాడికీ తెగే లెక్క. పదిని రెండుసార్లు సగం చేస్తే రెండున్నర దగ్గర ముక్క తేలుతుంది. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చినప్పుడు అణా నిజవిలువ ఆరుంపావు. పావు నాణెం లేక ఆరుకే కట్టారు. నాలుగు అణాలు కలిపి మారిస్తే 25, విడివిడిగా మారిస్తే 24. ఆ ఒక్క పైసా విషయంలో న్యాయం జనం వైపే ఉంది.

మూడో పాదం నీటికే చెల్లుతుంది, అదీ 4 డిగ్రీల చలిలో బాగా కుదురుతుంది. లీటరు నూనె ప్యాకెట్ మీద 910 గ్రాములని అచ్చువేసి ఉంటే తక్కిన 90 గ్రాములు కొట్టువాడు మింగాడనుకోకూడదు. నూనె నీటికన్నా తేలిక.

నాలుగో పాదంలోని ‘ఇందు’ను గట్టిగా పట్టుకోవాలి. నగల కొట్లో తులం అసలు 11.66 గ్రాములు, ఇప్పుడు 10 గ్రాములనే తులమంటున్నారు, అంటే పాత పేరులోకి దశాంశం చప్పుడు చేయకుండా దూరింది. స్థలాల బేరంలోకి అదీ దూరలేదు. అక్కడ 121 గజాలు గుంట, 40 గుంటలు ఎకరం. మూలకర్త దానికి పాదం కేటాయించలేదు.