మూసిన కొట్టుకు ముస్తాబు

2013 జూన్‌లో జీ-8 దేశాల అధినేతలు సదస్సు కోసం ఉత్తర ఐర్లండ్‌లోని ఫెర్మానా కౌంటీకి వచ్చారు. పెద్దవాళ్లు వచ్చే దారిలో మూతపడిన దుకాణాలు కనిపిస్తే మర్యాదగా ఉండదు. అందుకని బెల్కూ అనే చిన్న ఊళ్లో, ఎప్పుడో మూసేసిన మాంసం కొట్టు అద్దాలకు సరుకు నిండుగా ఉన్న కొట్టు బొమ్మలు అతికించారు. కారులో దూసుకుపోయే దేశాధినేతకు లోపల బేరాలు జోరుగా సాగుతున్నట్టే ఉంటుంది. అంతకు నాలుగేళ్ల ముందే, 2009లో, ఇంగ్లండ్ ఈశాన్య తీరంలోని విట్లీ బేలో అక్కడి స్థానిక సంస్థ నార్త్ టైన్‌సైడ్ కౌన్సిల్ ఇదే విద్య ప్రదర్శించింది. పైన పటారం లోన లొటారం అని మనవాళ్లు వెక్కిరిస్తారేమో గానీ, బ్రిటన్‌లో ఊరి నడిబజారును బతికించడానికి చేసిన ప్రయత్నాల్లో ఇంత చవకైనది, ఇంత నిజాయితీ గలది మరొకటి నాకు కనిపించడం లేదు. బొమ్మలో ఉన్న కసాయి జీతం అడగడు, అద్దె ఎగ్గొట్టడు, దివాలా తీయడు. కౌన్సిల్‌కు అప్పూ కాదు. ఆ తర్వాత వచ్చిన పథకాలు కూడా చాలామటుకు అతికించిన బొమ్మలే. జిగురు ఖర్చు మాత్రం కోట్ల పౌండ్లకు చేరింది. ఎందుకంటే దుకాణం బతకాలా చావాలా అన్నది తేల్చే తాళంచెవులు ఏ కౌన్సిల్ చేతిలోనూ లేవు. ఉన్నది రంగు డబ్బా, కుంచె.

చచ్చిన దుకాణాల జాబితా చిన్నదేమీ కాదు. 2008 చివర్లో కుప్పకూలిన వూల్‌వర్త్స్ తన 807 దుకాణాలను 2009 జనవరి మొదటి వారానికల్లా మూసేసింది. 2015లో ఒక్క పౌండుకు చేతులు మారిన బీహెచ్ఎస్ మరుసటి ఏడాదికి లేదు. 1778 నాటి వంశవృక్షం ఉన్న డెబెన్‌హమ్స్ 2021లో, విల్కో 2023లో తలుపులేశాయి. దీనికి అందరూ చెప్పే కారణం ఆన్‌లైన్. 2006లో బ్రిటన్ చిల్లర అమ్మకాల్లో మూడు శాతం చుట్టూ ఉన్న ఇంటర్నెట్ వాటా ఇప్పుడు పావు వంతు దాటింది. కాబట్టి జనం తామే మంచం మీద పడుకుని కొనుక్కుంటుంటే కౌన్సిల్‌ను ఆడిపోసుకోవడం దేనికని ఎవరైనా అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ ఫోన్‌లో బజారు పుట్టకముందే ఈ రోగికి నెత్తురు తీశారు. 1980లలో ప్రభుత్వం 'ఎంటర్‌ప్రైజ్ జోన్లు' పెట్టి, అక్కడ కట్టిన వ్యాపార భవనాలకు పదేళ్లు స్థానిక పన్ను మాఫీ చేసింది, ప్రణాళిక నిబంధనలు సడలించింది. ఉద్దేశం మూతపడ్డ కర్మాగారాల చోట పని పుట్టించడం. పుట్టినవి షాపింగ్ సెంటర్లు. గేట్స్‌హెడ్ దగ్గర 1986లో మెట్రోసెంటర్ అలాగే లేచింది. డడ్లీ పట్టణానికి కూతవేటు దూరంలో మెర్రీ హిల్ కూడా అంతే. మార్క్స్ అండ్ స్పెన్సర్ సహా డడ్లీ బజారులోని పెద్ద కొట్లు వరసగా అటు నడిచాయి. నడవవా మరి? ఇక్కడ పన్ను, అక్కడ మాఫీ; ఇక్కడ కారు పెట్టుకుంటే రుసుము, అక్కడ ఉచితం. మూడు దశాబ్దాల తర్వాత చితికిన పట్టణాలను ఉద్ధరించే జాబితా ఒకటి వెలువడింది. అందులో డడ్లీ పేరుంది. జబ్బు అంటించిన ఆసుపత్రే ఉచిత వైద్య శిబిరం పెట్టడమంటే ఇదే.

ఇక తాళంచెవుల సంగతి. ఇంగ్లండ్‌లో దుకాణం మీద పడే 'బిజినెస్ రేట్స్' పన్నును వసూలు చేసేది కౌన్సిల్, రేటు నిర్ణయించేది లండన్. ఇటీవలి దాకా ఆ రేటు, భవనానికి లెక్కగట్టిన ఏడాది అద్దె విలువలో దాదాపు సగం. పోనీ ఆ విలువైనా సరిగ్గా కడతారా? 2010 జాబితాకు ఆధారం 2008 ఏప్రిల్ నాటి అద్దెలు, అంటే ఆర్థిక సంక్షోభం విరుచుకుపడే ముందు శిఖరం మీదున్న అద్దెలు. 2015లో జరగాల్సిన పునర్మూల్యాంకనాన్ని ప్రభుత్వం 2017కు వాయిదా వేసింది. ఏడేళ్లపాటు పడిపోయిన ఊళ్లలోని దుకాణదారులు పోయిన వైభవానికి పన్ను కట్టారు. అద్దె విలువ 12,000 పౌండ్ల లోపుండి, ఒకే దుకాణం ఉన్నవారికి మినహాయింపు ఉంది కదా అని అధికారులు గుర్తుచేస్తారు. ఉంది, మంచిదే. కానీ ఊరి నడిబొడ్డున నోరు తెరుచుకుని ఉన్నది చిన్న కిళ్లీకొట్టు కాదు, నాలుగంతస్తుల డెబెన్‌హమ్స్. దానికి మినహాయింపు లేదు. ఖాళీ భవనానికి కూడా మొదటి మూడు నెలలు దాటాక పూర్తి పన్ను పడుతుంది గనక, యజమానుల తరఫున తెలివైనవాళ్లు ఒక ఉపాయం కనిపెట్టారు. ఖాళీ వాణిజ్య భవనంలో నాలుగు పెట్టెల నత్తల్ని పెట్టి అది నత్తల పెంపకం అంటారు. వ్యవసాయానికి ఈ పన్ను లేదు. వెస్ట్‌మిన్‌స్టర్ లాంటి కౌన్సిళ్లు ఈ రైతులతో పోరాడుతున్నాయి. బజారును పరుగులు పెట్టిస్తామన్న పథకాల యుగంలో నికరంగా గిట్టుబాటైన వ్యాపారం నత్తలది కావడం యాదృచ్ఛికమే అనుకుందాం.

చేతిలో పన్ను లేదు, భవనం లేదు, ఇక మిగిలింది దరఖాస్తు. 2010 తర్వాతి పదేళ్లలో కేంద్రం నుంచి స్థానిక సంస్థలకు వచ్చే గ్రాంట్లు నిజ విలువలో సుమారు నలభై శాతం తగ్గాయి. తీసుకున్నదాంట్లో చిటికెడు వెనక్కిచ్చి, దానికి పోటీ పెట్టడాన్ని పథకం అన్నారు. టీవీలో దుకాణాలు చక్కదిద్దే మేరీ పోర్టాస్ ప్రభుత్వం కోరగా 2011 చివర్లో నివేదిక ఇచ్చారు. అందులో 28 సిఫార్సులున్నాయి. పన్నులూ, ఊరి వెలుపలి మాల్స్ గురించి కూడా ఉన్నాయి. ప్రభుత్వానికి నచ్చింది పోటీ. 371 ఊళ్లు ఎగబడితే 2012లో మొదటి విడత పన్నెండు గెలిచాయి. అన్నింటికీ కలిపి 12 లక్షల పౌండ్లు. ఊరికి లక్ష పౌండ్లతో బజారును ఎలా బతికిస్తారు? డార్ట్‌ఫర్డ్‌లో పదహారు వందల చిల్లర పౌండ్లు పెప్పా పిగ్ అనే కార్టూన్ పంది వేషానికి పెట్టారు. పత్రికలు విరగబడి నవ్వాయి. నేను నవ్వను. లక్ష పౌండ్లతో పన్ను తగ్గించలేరు, భవనం కొనలేరు. పంది వేషం అయితే కొనగలరు. పిల్లలైనా కాసేపు సంతోషించి ఉంటారు. ఆ తర్వాత మొత్తాలు పెరిగాయి, పద్ధతి మారలేదు. 2020 డిసెంబరులో ఫ్యూచర్ హై స్ట్రీట్స్ ఫండ్ కింద 72 ఊళ్లకు 83 కోట్ల పౌండ్లు పంచారు. 360 కోట్ల టౌన్స్ ఫండ్‌కు 101 పట్టణాలను ఎంచుకున్నారు. ఎంపిక చేసిన ఇద్దరు మంత్రుల్లో రాబర్ట్ జెన్రిక్ నియోజకవర్గంలోని న్యూఆర్క్‌ను జేక్ బెర్రీ ఖరారు చేశారు, బెర్రీ నియోజకవర్గంలోని డార్వెన్‌ను జెన్రిక్ ఖరారు చేశారు. ఎవరి ఊరిని వారు ఎంచుకుంటే తప్పు గనక, ఒకరి వీపు ఒకరు గోక్కున్నారు. ఎంపికకు చూపిన కారణాలు అస్పష్టంగా ఉన్నాయని పార్లమెంటు ప్రజా పద్దుల సంఘం తప్పుపట్టింది. ఈ పోటీల్లో ఓడిన ఊళ్లకూ ఓ లాభం ఉంది: కన్సల్టెంట్ రాసిచ్చిన రంగురంగుల మాస్టర్ ప్లాన్ బీరువాలో ఉంటుంది. ప్రతి ప్లాన్‌లోనూ ఒక 'క్వార్టర్', ఒక 'విజన్', కాఫీ కప్పు పట్టుకుని ఎండలో నడిచే పొడుగు మనుషులు. బ్రిటన్‌లో అంత ఎండ ఎక్కడిదని ఏ ఆడిటరూ అడగలేదు.

మన పట్టణాల్లో మునిసిపల్ సిబ్బంది పని తోపుడుబండ్లను బజారులోంచి తరమడం. అక్కడి కౌన్సిళ్లు ఒక్క బండి వస్తే చాలునని పోటీపరీక్ష రాస్తున్నాయి. వచ్చే బండి లేక కొన్ని కౌన్సిళ్లు బజారునే కొనేశాయి. కేంద్రం నడిపే పబ్లిక్ వర్క్స్ లోన్ బోర్డు దగ్గర చవకగా అప్పు దొరికేది. దాంతో కొన్నవాటి అద్దెలతో గ్రాంట్ల లోటు పూడుతుందని లెక్క వేశారు. 2018లో ష్రాప్‌షైర్ కౌన్సిల్ ష్రూస్‌బరీలో మూడు షాపింగ్ సెంటర్లను 5 కోట్ల 10 లక్షల పౌండ్లకు కొంది. చిల్లర వ్యాపారం నేలచూపులు చూస్తున్న ఏడాది అది. వాటిలో రివర్‌సైడ్‌ను తర్వాత కూల్చడానికే పూనుకుంది. అప్పు చేసి పప్పుకూడు తినడంలో వోకింగ్‌ది వేరే స్థాయి. విక్టోరియా స్క్వేర్ అనే ఆకాశహర్మ్యాల, హోటల్, దుకాణాల సముదాయం మీద, మరికొన్ని వెంచర్ల మీద అప్పు చేసి చేసి 2023 జూన్‌లో కౌన్సిల్ దివాలా నోటీసు ఇచ్చింది. అప్పటికి అప్పు 180 కోట్ల పౌండ్లు, ఏడాదికి చేతిలో ఆడే సొమ్ము కోటీ అరవై లక్షలు. ఇది శుద్ధ మూర్ఖత్వం, దీనికి లండన్‌ను ఎందుకంటారని అడిగితే, మూర్ఖత్వమేనని ఒప్పుకుంటాను. వోకింగ్ చితికిన ఊరు కూడా కాదు, సర్రీలోని కలిగిన ఊరు. కాబట్టి ఆపద్ధర్మం అన్న సాకూ లేదు. కానీ ఆ అప్పిచ్చినది ఎవరో కాబూలీవాలా కాదు, ప్రభుత్వమే. అద్దె రాబడి కోసమే ఆస్తులు కొనేవారికి అప్పివ్వకూడదని అది నిబంధన పెట్టింది 2020 నవంబరులో. గుర్రాలు పారిపోయాక లాయానికి తాళం వేయడంలో ప్రభుత్వాలన్నీ ఒకే బడిలో చదివాయి.

అన్నీ ఇంతేనా, ఆల్ట్రింకమ్ చూడలేదా అంటారు. చూడాల్సిందే. మాంచెస్టర్ శివారులోని ఆ ఊళ్లో ఒకప్పుడు మూడింట ఒక కొట్టు ఖాళీ. కౌన్సిల్ తన పాత మార్కెట్ భవనాన్ని 2014లో ఓ నిర్వాహకుడికి అప్పగించింది. పొడవాటి బల్లలు వేసి, చుట్టూ వంటకాలు పెట్టి, జనాన్ని కూర్చోబెట్టాడు. 2018లో ఇంగ్లండ్‌లో ఉత్తమ బజారుగా బహుమతి వచ్చింది. అప్పటి నుంచి ప్రతి చితికిన ఊరి ప్లాన్‌లోనూ ఒక తిండి బజారు. ఆల్ట్రింకమ్‌కు మాంచెస్టర్ నుంచి ట్రామ్ ఉంది, చుట్టూ జేబు నిండిన కుటుంబాలున్నాయన్న సంగతి ప్లాన్‌లో అచ్చు కాదు. అయినా అక్కడొక కీలకం ఉంది: భవనం కౌన్సిల్‌దే. అద్దె ఎంతో, ఎవరికో అది తేల్చుకోగలిగింది. స్టాక్టన్-ఆన్-టీస్ ఇంకాస్త ముందుకు వెళ్లింది. బజారుకూ నదికీ అడ్డంగా నిలిచిన క్యాజిల్‌గేట్ సెంటర్‌ను కొని, 2022 నుంచి కూల్చి, ఆ చోట నదీతీర పార్కు తలపెట్టింది. దుకాణాలు ఇక ఇన్ని రావు అని అధికారికంగా ఒప్పుకున్న కౌన్సిల్ అది. పార్కు అమ్మకాలు చేయదు, పన్ను కట్టదు, అది ఉద్ధరణ ఎలా అవుతుందని వర్తకులు అడగడంలో తప్పు లేదు. అయితే వాళ్ల బేరాలను చెడగొట్టేది పక్కనున్న పచ్చిక కాదు, పక్కనున్న పది ఖాళీ అద్దాలు. మిగిలిన కొట్లన్నీ ఒకచోటికి దగ్గరైతే, ఒక కొట్టుకు వచ్చినవాడు రెండోది కూడా తొంగిచూస్తాడు. నాకు ఈ రెండు ఊళ్లలోనూ నచ్చింది పార్కో పిజ్జానో కాదు; రెండుచోట్లా కౌన్సిల్ చేతిలో నిజంగానే ఏదో ఒకటి ఉంది.

ఇప్పుడు ఇంగ్లండ్ కౌన్సిళ్ల చేతికి కొత్త తాళంచెవి ఒకటి వచ్చింది. 2024 డిసెంబరు నుంచి, రెండేళ్లలో 365 రోజులకు మించి ఖాళీగా ఉన్న దుకాణాన్ని కౌన్సిల్ యజమాని ఒప్పుకోకపోయినా వేలం వేసి, ఏడాది నుంచి ఐదేళ్ల దాకా అద్దెకివ్వొచ్చు. కనీస పాట అంటూ లేదు. ఆస్తిహక్కు ఏం కావాలని యజమానులు గగ్గోలు పెట్టారు. బజారు మధ్య కొట్టును ఏడాదిపైగా చీకట్లో ఉంచి పక్కవాడి బేరం చెడగొట్టే హక్కు ఏ శాస్త్రంలో ఉందో వాళ్లే చెప్పాలి. నా వరకు ఈ చట్టం మంచిదే, ఆలస్యంగా వచ్చిందంతే. పాట పాడేవాడికి అద్దె ఒక్క పౌండే పడ్డా పన్ను మాత్రం లండన్ లెక్క ప్రకారం పడుతుందన్నది వేరే చిక్కు. దుకాణం వాడకంలో ఉన్నట్టు ఎప్పుడు లెక్క అన్నది కూడా చట్టం రాసినవాళ్లు జాగ్రత్తగా ఆలోచించారు: అందులో మనుషులు క్రమం తప్పకుండా మసలాలి. అంటే వేలం తప్పించుకోవడానికి నత్తలు పనికిరావు. పన్ను ఎగ్గొట్టడానికి పనికొస్తాయో లేదో కోర్టులే తేల్చాలి.