అద్దాల మేడలో అడ్డపంచె

హైటెక్ సిటీలో మగవాడు ప్యాంటు లేకుండా ఆఫీసుకు వెళ్ళగలిగే రోజులు ఏడాదికి ఓ మండలం ఉంటాయి. కంగారు పడకండి, అయ్యప్ప దీక్ష సంగతి చెబుతున్నాను. కార్తీకం రాగానే రాయదుర్గం మెట్రో ఎస్కలేటర్ మీద నల్ల పంచెలు బారులు తీరతాయి. మెడలో ఒక తులసిమాల, ఒక కంపెనీ ట్యాగు. కాళ్ళకు చెప్పులుండవు గానీ భుజాన లాప్‌టాప్ ఉంటుంది. మామూలు రోజుల్లో గేటు దగ్గర సెక్యూరిటీ అతను మన ఐడీ కార్డు ఫొటోనీ మన ముఖాన్నీ పెళ్ళిచూపుల్లో చూసినట్టు చూస్తాడు. దీక్షలో ఉన్నవాడికి గడ్డం పెరిగి ఫొటోకీ మనిషికీ సంబంధమే లేకపోయినా, చేతులు జోడించి "స్వామి శరణం" అంటూ పక్కకు తప్పుకుంటాడు.

లోపల కూడా అంతే మర్యాద. మిగతా పది నెలలూ "అదింకా కాలేదా?" అని గదమాయించే మేనేజరు, మాల వేసుకున్న కుర్రాడి దగ్గరికొచ్చి "స్వామీ, ఆ బగ్గు ఇవాళ క్లోజ్ అవుతుందా స్వామీ?" అంటాడు. "ఇంకో రెండు రోజులు పట్టేట్టుంది స్వామీ." ఇద్దరు స్వాముల మధ్య డెడ్‌లైన్ ప్రశాంతంగా కొండెక్కుతుంది.

ఈ నల్ల పంచెను భక్తి పక్కన పెట్టి ఒక్కసారి బట్టగా చూడండి. నడుముకి చుట్టిన గుడ్డ. కాళ్ళు వేరుగా ఉండవు, కుట్టు ఉండదు, బెల్టు ఉండదు. గళ్ళ లుంగీకీ దీనికీ రంగులో తప్ప తేడా లేదు. ఆ మాట నమ్మిన నా మిత్రుడొకడు ఒక శనివారం ఛార్జర్ మరిచిపోయానని గళ్ళ లుంగీతోనే ఆఫీసుకు వచ్చేశాడు. ఉండేది మాదాపూర్‌లో అయ్యప్ప సొసైటీ. అడ్రసులో స్వామి ఉన్నా గేటు దాటలేకపోయాడు.

"లుంగీతో పంపొద్దని ఆర్డరు సార్."

"మరి మొన్న వాళ్ళందరినీ పంపావుగా?"

"అది దీక్ష సార్. ఇది నిద్ర."

నేను చదివిన ఏ కంపెనీ డ్రెస్ కోడ్ పాలసీలోనూ ఇంత స్పష్టత లేదు.

అలాంటి మా ఫ్లోరుకు ఈ మధ్య డిజైన్ టీమ్ కుర్రాడొకడు స్కర్టు వేసుకొచ్చాడు. ముదురు బూడిద రంగు, కుచ్చిళ్ళు, పిక్కల దాకా పొడవు. పైన ఇస్త్రీ చొక్కా, కింద బూట్లు. మనిషి మాత్రం రోజూ వచ్చేవాడే, గడ్డం కూడా అదే. ఆ పూట మా వాళ్ళు తాగినన్ని కాఫీలు రిలీజు రాత్రి కూడా తాగరు. కాఫీ మెషీన్ అతని సీటు పక్కన ఉండటమే దానికి కారణం. ఇంటి నుంచి పనిచేస్తున్నవాళ్ళు కూడా మధ్యాహ్నానికల్లా "నెట్ స్లోగా ఉంది" అని ఆఫీసుకొచ్చేశారు.

రిటైర్‌మెంటుకు దగ్గరపడిన మా అకౌంట్స్ సార్ మాత్రం దాపరికం లేకుండా అడిగేశారు.

"ఏం నాయనా, మొక్కా?"

"కాదు సార్, ఉక్క."

కుర్రాడిది విజయవాడ. ఉక్క అంటే ఏమిటో ఆ ఊరివాడు మనకు చెప్పాలి గానీ మనం వాడికి చెప్పలేం. సార్ తలూపి వెళ్ళిపోయారు. మగవాడు కట్టుబాటు తప్పితే మన దగ్గర మొదట దేవుణ్ణే అనుమానిస్తారు. దేవుడు కాదని తేలాకే మిగతా అనుమానాలు.

నిజమైన గొడవ ఆడవాళ్ళ దగ్గర మొదలైంది. వాళ్ళకు స్కర్టుతో పేచీ లేదు. కుర్రాడు లిఫ్టు దగ్గర అలవోకగా చెయ్యి లోపలికి పోనిచ్చి ఫోను బయటికి తీశాడు, అదీ పేచీ. "దీనికి జేబులున్నాయా!" అని మా టెస్టింగ్ లీడ్ అరిచిన అరుపు కింద ఫుడ్ కోర్టు దాకా వినిపించి ఉంటుంది. ఉన్నాయి. రెండు పక్కలా రెండు, లోతుగా, ఒక దాంట్లో వాటర్ బాటిల్ కూడా పట్టేంత. "మా అమ్మమ్మ నుంచి మూడు తరాలుగా మేం లంగాలు, పరికిణీలు, స్కర్టులు వేస్తుంటే ఒక్కరూ జేబు కుట్టలేదు. మీ చేతికొచ్చిన రోజే కుట్టేశారా తమ్ముడూ?" అందావిడ. కుర్రాడు తప్పు తనదే అయినట్టు చేతులు జేబుల్లోంచి తీసేశాడు.

ఏసీ సంగతి ఇంకా అన్యాయం. మా ఫ్లోరు ఏసీ ఎప్పుడూ 22 దగ్గర బిగుసుకుని ఉంటుంది. బయట మే నెల ఎండకు తారు కరుగుతున్నా లోపల ఆడవాళ్ళు శాలువాలు కప్పుకుని కూర్చుంటారు. చలిగా ఉందని వాళ్ళు పెట్టిన టికెట్లన్నీ "సమస్య కనబడలేదు" అని మూతపడ్డాయి. స్కర్టులో ఉన్న కుర్రాడు పిక్కలు లాగుతున్నాయని ఒక్క టికెట్ పెట్టాడు. సాయంత్రానికి 24. ఆ రోజు నుంచి మా ఫ్లోరు ఆడవాళ్ళు అతన్ని రోజూ స్కర్టే వేసుకురమ్మని బతిమాలుతున్నారు.

ఇక మా ఫ్లోరులో సంస్కృతి శాఖ ఒకటుంది. పోస్టు అధికారికం కాదు, ఒక సీనియర్ ఆర్కిటెక్ట్ గారు సొంత ఖర్చుతో నడుపుతుంటారు. శుక్రవారం శుక్రవారం ఆరు జేబుల షార్ట్స్‌లో వచ్చి, మోకాళ్ళు రెండూ టేబుల్ మీద ఆనించి, దేశం ఎటు పోతోందో చెబుతారు. ఆయనే అన్నారు, "ఇది మన సంస్కృతి కాదు. మగాడు మగాడిలా, ఆడది ఆడదానిలా కట్టుకోవాలి" అని.

నాకు మా బాపమ్మ గుర్తొచ్చింది. మాది కరీంనగర్ వైపు. నాట్లప్పుడు మా బాపమ్మ గోసి పోసి చీర కట్టి, మోకాలి లోతు బురదలో దిగి, సాయంత్రం దాకా నడుం ఎత్తేది కాదు. ఆ గోసి చీర ముందు నేటి ట్రెక్కింగ్ ప్యాంటు ఎందుకూ పనికిరాదు. రెండు కాళ్ళూ దేనికదే, అడుగు ఎంతైనా పడుతుంది. అదే సమయంలో మా తాత గట్టు మీద అడ్డపంచెలో కూర్చుని చుట్ట కాల్చేవాడు. అంటే మా ఇంట్లో ప్యాంటు బాపమ్మది, స్కర్టు తాతది. ఊళ్ళో ఎవరూ సంస్కృతి చెడిపోయిందనలేదు. చుట్ట వాసన మీద మాత్రం ఫిర్యాదులుండేవి. బాపమ్మకు ఇవాళ ఆర్కిటెక్ట్ గారి షార్ట్స్ చూపిస్తే, "పొలానికి పోతున్నవా బిడ్డా, గిట్ల బయల్దేరినవ్?" అని అడిగేది.

అసలు హైటెక్ సిటీ పుట్టుకలోనే ప్యాంటుకు పెద్దగా చోటు లేదు. సైబర్ టవర్స్‌ను 1998 నవంబరులో ప్రారంభించిన ప్రధాని వాజపేయి గారు ధోతీ మనిషి. ఆయన కంటే ముందు 1991లో ఆర్థిక వ్యవస్థ తలుపులు తెరిచిన పీవీ మా ఉమ్మడి జిల్లా వంగర మనిషి, ఆయనదీ పంచె, కండువా. అరవై దాటాక కంప్యూటర్ నేర్చుకుని, ప్రోగ్రాములు రాయడం దాకా వెళ్ళారని దగ్గరివాళ్ళు చెబుతారు. ఈ కారిడార్‌లో ఎన్ని లక్షల మంది ప్యాంట్లు తొడుక్కుని కోడ్ రాస్తున్నా, వాళ్ళందరికంటే ముందు కూర్చుని రాసిన తెలుగువాడు పంచెలో ఉన్నాడు. ఆయన పేరు మీద మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా ఎక్స్‌ప్రెస్‌వే వేశాం. ఆయన బట్టల్లో వస్తే మాత్రం పబ్బులోకి రానిస్తామో లేదో గ్యారంటీ ఇవ్వలేం. గోచీ పోసిన పంచె వేరు, స్కర్టు లాంటి అడ్డపంచె వేరు కదా అంటారా? ఆ తేడా పట్టుకుంటే మా బాపమ్మ గోసి మగవాళ్ళ ఖాతాలో పడుతుంది, చూసుకోండి.

ఇదే ఊళ్ళో బార్కస్ ఉంది. నిజాం సైన్యంలో పనిచేయడానికి యెమెన్ హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బుల వారసులుండే పేట. అక్కడ లుంగీ బజారు బట్ట, మసీదు బట్ట, కొట్లో గల్లాపెట్టె దగ్గర కూర్చునే యజమాని బట్ట. మంచి లుంగీ కట్టినవాడికి అక్కడ గౌరవమే గానీ గేటు లేదు. బార్కస్ మండీ గచ్చిబౌలి దాకా వచ్చింది, మా టీమ్ లంచ్‌లన్నీ అక్కడే. ఒకే పళ్ళెం చుట్టూ కూర్చుని తినడం మన సాఫ్ట్‌వేర్ వాళ్ళు బాగానే నేర్చుకున్నారు. పళ్ళెంతో పాటు లుంగీ కూడా రావాల్సింది. మండీ తిన్నాక ప్యాంటు బొత్తాం పడే అవస్థ చూస్తే, అరబ్బులు ఎంత ముందుచూపుతో లుంగీ కట్టారో అర్థమవుతుంది.

ఆర్కిటెక్ట్ గారు ఊరుకుంటారా, "లుంగీ మగతనం, స్కర్టు ఆడతనం" అని కొత్త గీత గీశారు. లుంగీ మగతనం అయిన మాట నిజమే. రంగస్థలం చిట్టిబాబు, పుష్ప, వాల్తేరు వీరయ్య, వరసపెట్టి మన హీరోలు లుంగీ ఎగ్గడితేనే విలన్లు పారిపోతున్నారు. కానీ అదే పుష్ప రెండో భాగంలో, 2024 డిసెంబరులో, అల్లు అర్జున్ చీర కట్టి, గాజులు తొడుక్కుని వస్తే కొండాపూర్ మల్టీప్లెక్సులో ఈలలు వేసింది ఎవరు? ఆర్కిటెక్ట్ గారే. నేను పక్క సీట్లో ఉన్నాను, ఆయన పాప్‌కార్న్ నా ఒళ్ళో పడింది.

ఆ చీర సినిమావాళ్ళ సొంత బుర్రలో పుట్టింది కాదు. తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరలో మగవాళ్ళు ఆడవేషం కట్టడం ఏటా మే నెలలో మామూలే. బైరాగి వేషం, దొర వేషం, మాతంగి వేషం, ఒక్కో రోజు ఒక్కోటి. ఆడపిల్లల జోలికొచ్చే పాలెగాణ్ణి గంగమ్మ రోజుకో మారువేషంలో వెతికి చంపిందని కథ. మీసాలున్నవాడు చీర కట్టి వీధిలో నడుస్తుంటే పెద్దవాళ్ళు దారి ఇస్తారు, దండం పెడతారు.

నాటకాల్లోకి వస్తే స్థానం నరసింహారావు గారున్నారు. ఆ కాలం నాటి ప్రేక్షకుల గుండెల్లో సత్యభామ, చింతామణి, రోషనార, మధురవాణి, చిత్రాంగి, అన్నీ ఆయనే. ప్రభుత్వం 1956లో పద్మశ్రీ ఇచ్చింది. కూచిపూడి వేదాంతం సత్యనారాయణ శర్మ గారు భామాకలాపంలో జడ ముందుకు వేసుకుంటే సత్యభామ స్వయంగా దిగిందనుకున్నారు జనం. ఆయనకు 1970లో పద్మశ్రీ. రెండు పద్మశ్రీలు చీరకు వచ్చాయి. మన ఆర్కిటెక్ట్ గారి షార్ట్స్‌కు ఇంతవరకు ఏమీ రాలేదు.

"వేషం వేరు, ఆఫీసు వేరు" అన్నారాయన. ఈ ఒక్క మాట మాత్రం బాగుంది. అసలు మనకు కాళ్ళు కలిసిన గుడ్డతో గొడవ ఎప్పుడూ లేదు. దేవుడి పేరు మీదో, స్టేజీ మీదో, తెర మీదో, కనీసం రాత్రి పది దాటాకో అయితే చాలు. ఏ కారణమూ లేకుండా, హాయిగా ఉందని వేసుకుంటేనే మనకు తోచదు. 2020లో లాక్‌డౌన్ వచ్చినప్పుడు ఐటీ కారిడార్ మొత్తం నడుం పైన అమెరికా, నడుం కింద అమలాపురం. ప్రాజెక్టులేవీ ఆగలేదు. క్లయింటుకు తెలియదన్న ధైర్యంతో ఇంత పెద్ద పరిశ్రమ లుంగీలో నడిచింది.

తమిళనాడులో 2014లో హైకోర్టు న్యాయమూర్తి హరిపరంధామన్ గారు పంచెతో వస్తే చెన్నైలో క్రికెట్ అసోసియేషన్ (టీఎన్‌సీఏ) క్లబ్బు లోపలికి రానివ్వలేదు. కొద్ది వారాల్లోనే అక్కడి అసెంబ్లీ పంచె కోసం చట్టం చేసింది. పడమటి దేశాల పద్ధతి ఇంకోలా ఉంది. 2017 జూన్‌లో ఎండలు మండిపోతుంటే ఇంగ్లాండు ఎక్సెటర్‌లో ఒక బడి మగపిల్లలు, ఫ్రాన్స్ నాంత్‌లో బస్సు డ్రైవర్లు స్కర్టులు వేసుకొచ్చారు. స్కర్టు మీద మోజుతో కాదు. షార్ట్స్ వేసుకోనివ్వడం లేదు, స్కర్టుకు అడ్డు చెప్పే రూలు లేదు. రెండు చోట్లా పెద్దలు దిగొచ్చి షార్ట్స్‌కు ఒప్పుకున్నారు. స్కర్టు వేసి షార్ట్స్ సాధించుకున్నారన్నమాట.

మా ఆఫీసులో కథ అడ్డం తిరిగింది. ఆర్కిటెక్ట్ గారు సంస్కృతి శాఖ తరఫున హెచ్ఆర్‌కు పెద్ద మెయిల్ పెట్టారు. హెచ్ఆర్ వాళ్ళు లీగల్‌ను అడిగారు. ఆడవాళ్ళకో రూలు, మగవాళ్ళకో రూలు పెడితే ఇబ్బందని లీగల్ చెప్పింది. వారం తిరిగేసరికి కొత్త పాలసీ వచ్చింది: ఎవరైనా ఏమైనా వేసుకోవచ్చు, మోకాళ్ళు మాత్రం కనిపించకూడదు.

శుక్రవారం పొద్దున ఆర్కిటెక్ట్ గారు గేటు దగ్గర ఆగిపోయి ఉన్నారు.

"సార్, మోకాలు సార్," అంటున్నాడు సెక్యూరిటీ అతను, చేతిలో పాలసీ జిరాక్సు.

"ఇన్నేళ్ళుగా వస్తున్నానయ్యా! మరి అతనో?" స్కర్టులో కార్డు స్వైప్ చేస్తున్న కుర్రాడి వైపు చెయ్యి చూపించారాయన.

"ఆ సార్‌ది పిక్కల దాకా ఉంది సార్. రూలు ప్రకారమే."

క్లయింటు కాల్ పది నిమిషాల్లో ఉంది. ఆయన ఇల్లు మియాపూర్‌లో ఉంది. మధ్యలో శుక్రవారం ట్రాఫిక్ ఉంది. కుర్రాడు వెనక్కి వచ్చాడు.

"అన్నా, బ్యాగులో ఇంకోటుంది. నడుముకు ఎలాస్టిక్కే, ఎవరికైనా పడుతుంది."

ఆర్కిటెక్ట్ గారు అటూ ఇటూ చూశారు. గొంతు తగ్గించి అడిగారు.

"జేబులున్నాయా?"