రేటప్ప

సోమందేపల్లిలో హైవే పక్కనుండే టీ అంగడి దగ్గర పొద్దున ఆరున్నరకు నిలబడితే మూడు కనపడతాయి: కియా షిఫ్టుకు పోయే బస్సులు, బెంగళూరుకు పోయే లారీలు, రేటప్ప. బస్సులు ఒక్కోరోజు ఆలస్యమవుతాయి. లారీలు పండక్కి ఆగుతాయి. రేటప్ప మాత్రం తప్పడు.

రేటప్ప అనేది నేను పెట్టిన పేరు. ఆధార్ కార్డులో ఇంకో పేరుంటుంది, దాంతో మనకు పని లేదు. మీ ఊర్లోనూ ఈయన ఉంటాడు కాబట్టి గుర్తులు చెబుతాను. చొక్కా జేబులో పెన్ను, ఫోను, ఆ రెండింటి మధ్య నాలుగు మడతలు పెట్టిన లేఅవుట్ ప్లాను. బండి ట్యాంకు కవర్లో జిరాక్సులు. ఎదురుపడిన మనిషిని ‘బాగుండావా’ అని అడగడు, ‘మీ పక్క సెంటెంత నడస్తాంది?’ అంటాడు. చావింటికి పోయినా అంతే. పరామర్శ ముగిసేలోపల గోడలకు కళ్లతోనే టేపు పట్టేస్తాడు. మొన్న ఒకరింటి నుంచి బయటికొస్తూ నా చెవిలో చెప్పినాడు: “పోయినాయన శానా మంచోడు సారూ. తూర్పు ముఖం, రెండు దిక్కులా రోడ్డు.”

ఆయన దగ్గర అమ్మకానికి ఎప్పుడూ ఒక సైటుంటుంది. మా వైపు బెంగళూరు గాలి ఎక్కువ కాబట్టి ప్లాటు అనం, సైటంటాం. ముప్పై బై నలభై. నంబరు నలభై ఏడు. దాని రేటు తొలి టీకి ఒకటి, రెండో టీకి ఒకటి. మధ్యలో ఏమి జరిగిందని అడిగితే ఫోను చూపిస్తాడు. ఏదో వార్త వచ్చుంటుంది. ఏ వార్తైనా సరే, ఆ సైటుకు మంచిదే.

2017 ఏప్రిల్‌లో కొరియా కార్ల కంపెనీ కియాతో ప్రభుత్వం ఒప్పందం చేసుకునేదాకా ఈయన శెనక్కాయ రైతు. వానల గురించి మాట్లాడేవాడు. ఎర్రమంచి దగ్గర జేసీబీలు దిగిన రోజునుంచి మొగులు వైపు చూడడం మానేసినాడు. 2019 ఆగస్టులో తొలి సెల్టోస్ కారు బయటికొచ్చినప్పుడు ఊరంతా కారు రంగు గురించి మాట్లాడుకుంటే, ఆ కారు పోయే సర్వీసు రోడ్డు ఎవరి చేన్లో పడుతుందని ఈయన వాకబు. పెనుకొండలో కొరియా అక్షరాల బోర్డులు లేచినాక ఆ భాషలో ‘సెంటు’ను ఏమంటారో కనుక్కోమని నా వెంటపడినాడు. నేను ముప్పై ఏళ్లు తెలుగు చెప్పినవాణ్ణి. అట్లాంటివన్నీ నాకు తెలిసుంటాయని ఆయన నమ్మకం.

చరిత్ర కూడా రేటప్పకు రేటుగానే అర్థమవుతుంది. ఒకసారి మాటల్లో చెప్పినాను: 1565లో తళ్లికోట దగ్గర ఓడిపోయినాక విజయనగర రాజులు రాజధానిని పెనుకొండకు తెచ్చినారు, 1592లో చంద్రగిరికి తరలించినారు అని. గగన్‌మహల్ గురించి అడుగుతాడేమో అనుకున్నా. వేళ్ల మీద లెక్కపెట్టి, “ఇరవై ఏడేండ్లు. తొంబై రెండుకు ముందే తెగనమ్మి చంద్రగిరిలో పెట్టినోడు బాగుపడింటాడు సారూ” అన్నాడు. 2022 ఏప్రిల్ 4న శ్రీ సత్యసాయి జిల్లా వచ్చినప్పుడు పుట్టపర్తి కేంద్రం అన్నారు, హిందూపురం కావాలని హిందూపురంలో ఆందోళనలు జరిగినాయి. ఆయనకు హిందూపురంలో ఒకటి, పుట్టపర్తి దారిలో ఒకటి సైట్లున్నాయి. పొద్దున ధర్నాలో కూర్చుని సాయంత్రం మిఠాయి పంచినాడు. రెండు చోట్లా మనసారా.

ఇదంతా ఒక ఎత్తు, ఆయన కోపం ఒక ఎత్తు. రేటప్పకు రేటు పెరిగితే కోపం, పెరగకపోతే కోపం. నాకు అర్థం కావడానికి చాలా రోజులు పట్టింది. 2025 ఫిబ్రవరి 1 నుంచి రాష్ట్రంలో భూముల ప్రభుత్వ విలువలు సవరించినారు కదా, ఆ ముందు రెండు రోజులు రిజిస్ట్రారాఫీసుల దగ్గర తిరనాళ్ల జనం. మనవాడు అన్నం మూట కట్టుకుని పోయి వరసలో నిలబడినాడు. స్టాంపు డ్యూటీ ఐదు, బదిలీ సుంకం ఒకటిన్నర, రిజిస్ట్రేషన్ ఒకటి, మొత్తం నూటికి ఏడున్నర రూపాయలు. విలువ పెరిగితే అదీ పెరుగుతుంది. “ఈ రాళ్లగుట్టకు అంత విలువ యాడిదప్పా? తేళ్లు తిరిగే జాగా! మేక గూడా మేయదు!” అని టీ అంగడి అదిరేటట్టు అరిచినాడు. పక్కనే బెంగళూరునుంచి సైటు చూడను వచ్చిన దంపతులు నిలబడుండారు. అది నలభై ఏడో నంబరు జాగా అని వాళ్లకు అప్పుడే తెలిసింది. గ్లాసులు కింద పెట్టి కారెక్కినారు.

అదే మనిషి, రోడ్డుకో ఫ్యాక్టరీకో భూమి తీసుకుంటారన్న పుకారు పుడితే చాలు, సుద్దులు మార్చేస్తాడు. 2013 భూసేకరణ చట్టం ఆయనకు కంఠతా వచ్చు. మార్కెట్ విలువ కట్టి, దాని మీద నూటికి నూరు సొలేషియం ఇవ్వాలి. ఆ మార్కెట్ విలువ లెక్కకు అధికారులు చూసేది రిజిస్ట్రేషన్ కాగితాలే కదా. “బంగారం పండే భూమి సారూ! ఇంత తక్కువ రాసి పెట్టినారు సూడు, కండ్లు పోయినాయా వీళ్లకు?” ఆయన కోరేది నిజానికి చాలా చిన్నది: ఒకే భూమికి రెండు రేట్లు. కట్టేటప్పుడు రాళ్లగుట్ట, పుచ్చుకునేటప్పుడు మాగాణి. దీన్ని నేను తప్పుపట్టను. నాకూ ఒక సైటుంది.

పోయిన పండక్కి మా మేనల్లుడు బెంగళూరునుంచి వచ్చినాడు. కంప్యూటర్ల పని చేస్తాడు. టీ అంగడి దగ్గర రేటప్ప వాణ్ణి పట్టుకుని, “అల్లుడూ, మీ కంప్యూటర్లో గూడా భూములు అమ్ముతారంట కదా” అని మొదలుపెట్టినాడు. వాడు సరదాకి సెకండ్ లైఫ్ కథ చెప్పినాడు. కాలిఫోర్నియాలో లిండెన్ ల్యాబ్ అని ఒక కంపెనీ 2003లో కంప్యూటర్లో ఒక లోకాన్ని తెరిచింది. అందులో మనం బొమ్మల రూపంలో తిరగచ్చు, ఇల్లు కట్టుకోవచ్చు, దీవి కొనుక్కోవచ్చు.

“ఎంత విస్తీర్ణం?”

“పూర్తి దీవి 256 మీటర్లు పొడుగు, 256 మీటర్లు వెడల్పు మామా.”

పెన్ను బయటికొచ్చింది. సిగరెట్టు పెట్టె అట్ట మీద లెక్క. “పదారెకరాల పైన. వెయ్యిన్నీ ఆరొందల పంతొమ్మిది సెంట్లు. పట్టా ఎవురి పేరున?”

“పట్టా ఉండదు. కంపెనీ కంప్యూటర్లోనే ఉంటుంది. నెలనెలా డబ్బు కట్టాలి.”

“కొన్నాక గూడా నెలనెలా గుత్త కట్టాలా? అది కొనేదెట్లయితాదప్పా?” అన్నాడు రేటప్ప. అంత సూటి ప్రశ్న ఆ రోజుల్లో ఎంతమంది అడిగినారో నాకు తెలియదు.

మేనల్లుడు అసలు గొడవకు వచ్చినాడు. ఆ లోకంలో ఓపెన్‌స్పేస్ అని తక్కువ రేటు దీవులుండేవి. నెలకు 75 డాలర్లు. సముద్రానికి, అడవికి, పడవలు తిప్పడానికి అని వాటిని ఇచ్చింది కంపెనీ. జనం వాటి మీద ఇండ్లు కట్టినారు, అంగళ్లు పెట్టినారు, ముక్కలు చేసి బాడుగకిచ్చినారు. 2008 అక్టోబరు చివర్లో, మనం దీపావళి టపాకాయలు కొనుక్కునే రోజుల్లో, కంపెనీ చెప్పింది: జనవరినుంచి 125 డాలర్లు, మీరు మా యంత్రాల మీద మోయలేని బరువు పెడుతున్నారు అని.

రేటప్ప ముఖం వెలిగిపోయింది. “అట్ల చెప్పు! నాలా కట్టకుండా లేఅవుట్ ఏసినారన్నమాట!”

మేనల్లుడు నా వైపు చూసినాడు. వ్యవసాయ భూమికి నాలా, అంటే మార్పిడి రుసుము, కట్టకుండా ప్లాట్లు చేసి అమ్మిన సంగతి మా వైపు బడిపిల్లలకు కూడా తెలుసు. కానీ సముద్రాన్ని నాలా కట్టకుండా ప్లాట్లు వేయచ్చని రేటప్పకు ఆ రోజే తెలిసింది. ఆ ఆలోచనకే ఆయన ఒక నిమిషం మాట్లాడలేదు.

“పాతోళ్లకు పాత రేటే ఉంచినారా?”

“లేదు. అంతకుముందు 2006లో పెద్ద దీవుల రేటు 195 నుంచి 295కు పెంచినప్పుడు పాతవాళ్లను వదిలేసినారు. ఈసారి అందరికీ వేసినారు. అందుకే గొడవ.”

“తప్పే. అది తప్పే!” అని బల్ల చరిచినాడు. “కట్టించుకునేటప్పుడు ఊరకుండి, కట్టినాక వచ్చి సూసేది యాడన్నా ఉండేదే. మరి వాళ్లేం చేసినారు?”

“ధర్నా చేసినారు మామా. ఆ లోకంలోనే. బొమ్మలన్నీ అట్టలు పట్టుకుని నిలబడినాయి.”

“టీ ఎవురు పోసినారు?”

దీనికి మేనల్లుడి దగ్గర జవాబు లేదు. ధర్నాకు పోయి టీ లేకుండా ఇంటికొచ్చిన బొమ్మల మీద రేటప్పకు నిజంగా జాలి కలిగింది. నాకు తెలిసి ఆ కథ మొత్తంలో ఆయన మనసు కరిగింది అక్కడొక్కచోటే.

కంపెనీ నవంబరు మొదటి వారానికే కాస్త దిగింది. ఇండ్లు కట్టుకున్నవాళ్లకు హోమ్‌స్టెడ్ అని కొత్త రకం పెట్టింది: జనవరినుంచి 95 డాలర్లు, జులైనుంచి 125. పాత 75కే ఉండాలంటే ఉండచ్చు, కానీ ఆ దీవిలో కట్టుకునే దిమ్మెలు 3,750 నుంచి 750కి తగ్గిపోతాయి.

“ఎల్‌ఆర్‌ఎస్ ఇచ్చినారన్నమాట, దొంగ లేఅవుట్లను సక్రమం చేసినట్టు. రెండు కంతుల్లో కట్టించుకుని.” గ్లాసు కింద పెట్టినాడు. “డెబ్బై ఐదోళ్లకు మాత్రం చెట్లు పెట్టుకోమన్నారు. వాళ్లది గ్రీన్ బెల్టు.” నేను ఇంత తేటగా ఎవరైనా చెప్పగా వినలేదు. మా మేనల్లుడు ఈ ముక్క తన ఆఫీసులో చెప్పడానికి ఫోనులో రాసుకున్నాడు.

అప్పటిదాకా ఆ దీవులవాళ్ల పక్షాన ఉన్న రేటప్ప, ఉన్నట్టుండి అట్టముక్క వెనక్కి తిప్పి ఇంకో లెక్క వేసినాడు. అప్పట్లో డాలరు యాభై రూపాయలకు అటూ ఇటూ. నెలకు ఆరువేల చిల్లర. పదహారు వందల పంతొమ్మిది సెంట్లు. భాగించినాడు. మళ్లీ భాగించినాడు. అద్దాలు తీసి తుడుచుకుని మూడోసారి భాగించినాడు.

“సెంటుకు నెలకు నాలుగు రూపాయలు గూడా రాలేదే!” లేచి నిలబడినాడు. “ఇంత అగ్గవకు ఇచ్చి వాళ్లతో తిట్లు తిన్న కంపెనీ యాడుందప్పా? నేనైతే ఐదొందలు జెప్పి నాలుగొందలకు దిగుతాంటి. దిగడం రాదు వాళ్లకు.” ఒక్క భాగహారంతో మనిషి కౌలుదారు పక్షంనుంచి భూస్వామి పక్షానికి దాటిపోయినాడు. ఆశ్చర్యపోలేదు నేను. భూముల విలువలు సవరించినప్పుడు చూసినదే.

మేనల్లుడు ఊరుకోకుండా, “ఎంతైనా మామా, అది లేని భూమి కదా. కరెంటు పోతే ఏమీ ఉండదు” అన్నాడు.

రేటప్ప వాణ్ణి జాలిగా చూసినాడు. “లేని భూమంటే ఏందో నీకు తెల్దు అల్లుడూ.” చిలమత్తూరు, గోరంట్ల వైపు చెయ్యి చూపించినాడు. లేపాక్షి నాలెడ్జ్ హబ్ అని 2009 ప్రాంతంలో 8,844 ఎకరాలు తీసుకున్నారు. ఉద్యోగాలొస్తాయి, నగరం లేస్తుంది అని అప్పటి మాట. నగరం లేవలేదు, కోర్టు కాగితాలు లేచినాయి. ఆ నగరాన్ని నమ్మి దాని చుట్టూ సైట్లు కొన్నవాళ్లలో ఈయనా ఒకడు. నలభై ఏడు అప్పటిదే. “మన హబ్బు కంటే వాళ్ల దీవే నయం. అది కంప్యూటర్లో అన్నా కనపడతాది.”

ఆ తర్వాత ఎవరమూ ఏమీ అనలేదు. టీ అంగడామె గ్లాసులు కడిగింది. కియా బస్సొకటి పోయింది.

నేను ఆ నలభై ఏడును ఒక్కసారి చూసినాను. ఒక రాయి పాతి, దాని మీద ఎర్ర రంగుతో నంబరు రాసినారు. చుట్టూ కానుగ మొక్కలు, తుప్పలు. రేటప్ప అక్కడికి పోయి ఎన్నాళ్లయిందని అడిగితే, “పోవల్సిన పనేముంది సారూ, ప్లాన్లో ఉండాది కదా” అని జేబు తట్టుకున్నాడు. పాలసముద్రంలో 2024 జనవరిలో ప్రధాని పన్నుల అధికారులకు శిక్షణ ఇచ్చే నాసిన్ అకాడమీ తెరిచినప్పుడు, ఆ మడతల కాగితం మీద దానికో చుక్క పెట్టి, చుక్కనుంచి సైటుకు గీత గీసినాడు. ఇప్పుడు ఆ కాగితంలో చుక్కలెక్కువై సైటు కనపడడం లేదు.

మేనల్లుడు ఊరికి పోయిన మూడోరోజు రాత్రి వాడికి ఫోను వచ్చిందట. “అల్లుడూ, ఆ దీవుల్లో ఈశాన్యం పెరిగింది ఏదన్నా ఉంటే సూడు. నలభై ఏడుతో మార్పిడికి ఒప్పుకుంటారేమో అడుగు.”

నలభై ఏడు ఇంకా అట్లే ఉంది. కావలసినవాళ్లు తొలి టీ అయ్యేలోపల రండి.